మైకు ఆపని మా అత్త

మా అత్త పోయింది. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, తిరుపతిలో నేను బడికి బయలుదేరి చెప్పులు వేసుకుంటూ ఉండగా నగరి నుంచి మామ ఫోను చేశాడు. "మీ అత్త పోయిందిమా. పాలు కాస్తా కాస్తా పొయ్యి కాడే కూలబడిపోయింది. డాక్టరు వచ్చేలోపల అంతా అయిపోయింది" అన్నాడు. ఫోను పెట్టేశాడు. మామ ఎప్పుడూ రెండు మాటల మనిషే. ఆ ఇంట్లో మిగతా మాటలన్నీ అత్తవే.

మేము వెళ్ళేసరికి వీధిలో మరమగ్గాలన్నీ ఆపేసి ఉన్నాయి. ఆ వీధిని నేను అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ వినలేదు. జరగాల్సినవన్నీ జరిగాయి. సాయంత్రం స్నానాలయ్యాక మా బావ, అంటే అత్త పెద్దకొడుకు, నన్ను పక్కకు పిలిచాడు. "సూడుమా, పదకొండు దినాలూ వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు ఉంటారు. ఆ తుపాకీ ఆట సంగతి మాత్రం యాడా ఎత్తొద్దు. అరవయ్యేండ్ల మనిషి ఫోన్లో కాల్చుకుంటా కూసోనుండిందంటే నవ్వతారు" అన్నాడు. బావ చెడ్డవాడు కాదు. ఆ రోజు పాడె కట్టించిన దగ్గర నుంచి వచ్చినవాళ్ళకు కాఫీలు ఇప్పించడం దాకా అన్నీ ఒంటిచేత్తో చేశాడు. నేను సరేనని తల ఊపాను.

అప్పుడు ఊపిన తలకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. అందుకే ఇది రాస్తున్నాను. మా అత్త తుపాకీ ఆట ఆడింది. మూడేళ్ళు ఆడింది. బాగా ఆడింది. నవ్వాలనుకున్నవాళ్ళు ఇక్కడే నవ్వేసుకుని ముందుకు చదవండి.

అత్త మా నాయనకు అక్క. నేను పుట్టినప్పటి నుంచీ అత్తే, ఆమె చిన్నకొడుకుతో పెళ్ళయ్యాక అత్తగారు కూడా అయింది. పిలుపులో ఏ మార్పూ రాలేదు, తిట్లలో కొంచెం వచ్చింది. నలభై ఏళ్ళు మరమగ్గాల షెడ్డులో పని చేసింది. నాలుగు మగ్గాలు ఒక్కతే చూసుకునేది. ఆ చప్పుడుకు కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమ చెవి సగం మిగిలింది. తనకు వినపడదు కాబట్టి ఎవరికీ వినపడదనుకుని గట్టిగా మాట్లాడేది. వంటింట్లోంచి ఉప్పు తెమ్మంటే వీధి చివరి ఇంటివాళ్ళు ఉప్పు పట్టుకుని వచ్చేంత గొంతు.

మూడేళ్ళ కిందట అత్తకు మోకాలి ఆపరేషను అయింది. ఇక మగ్గం దగ్గర నిలబడకూడదన్నారు. టీవీ ముందు కూర్చోబెడితే రెండు రోజుల్లో విసిగిపోయింది. "వాళ్ళ ఏడుపులు సూస్తా కూసుంటే నాకు మోకాలి నొప్పి ఎక్కువైతాండాది" అంది. పక్కింటి కోడలు ఫోనులో ఆడుతున్న ఆట ఒకటి ఆమె కంట పడింది. నలుగురు ఒక జట్టు. విమానంలోంచి దీవి మీదకు దూకాలి, తుపాకులు ఏరుకోవాలి, మిగతా జట్లతో పోరాడి చివరిదాకా నిలబడాలి. మనుషులు కొండలెక్కుతున్నారు, గోడలు దూకుతున్నారు, పరిగెత్తుతున్నారు. అత్త అది తన ఫోనులో వేయించుకుంది. "నా కాళ్ళు ఈడ పనిచేయకపోతే ఆడ పనిచేస్తాయి" అంది.

ఎండాకాలం సెలవుల్లో ఆమెకు సాయంగా ఉందామని నేను నగరి వెళ్ళాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక కాలు చాపుకుని, ఎడమ చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని, ఫోను ముక్కుకు ఆనించుకుని కూర్చుంది. నన్ను చూసి, ఎలా వచ్చావని కూడా అడగలేదు. "నీ ఫోన్లో కూడా ఎక్కించుకో పాపా. జట్టులో ఒకరు తక్కువ ఉండారు" అంది.

అట్లా మొదలుపెట్టాను. మొదటి ఆటలో నేలకు దిగిన అర నిమిషానికే చచ్చాను. రెండో ఆటలో నా బాంబుకు నేనే పోయాను. మూడో ఆటలో తుపాకీ చేతికి రాగానే గుడ్డిగా కాల్చి, ఆ చప్పుడుతో రెండు జట్లను మా మీదకు తెచ్చాను. అత్త నా చేతిలో ఫోను లాక్కుంది. "తుపాకీ తర్వాత. ముందు నడవను నేర్చుకో. మగ్గం కాడికొచ్చిన పిల్లకు మొదటి దినమే పోగు తోసే నాడె చేతికిస్తామా?" అంది. రెండు రోజులు ఆమె నన్ను కాల్చనివ్వలేదు. ఎడమ బొటనవేలితో నడవాలి, కుడి బొటనవేలితో చుట్టూ చూడాలి. రెండూ ఒకేసారి చేయాలి. నేను గోడలకు గుద్దుకుంటూ, చెట్ల చుట్టూ తిరుగుతూ, ముప్పై నాలుగేళ్ళ వయసులో నడక నేర్చుకున్నాను.

ఆ తర్వాత ఎక్కడ దూకాలో చెప్పింది. దీవిలో పెద్ద ఊళ్ళుంటాయి, మంచి తుపాకులన్నీ అక్కడే దొరుకుతాయి, కొత్తవాళ్ళంతా ఆశపడి అక్కడే దూకి అక్కడే పోతారు. "పెండ్లిలో మొదటి బంతికి ఎగబడినట్టు ఎగబడతారు సూడు. మనం రెండో బంతికి కూసుందాం. అన్నం యాడికీ పోదు" అనేది. ఊరి బయట నాలుగు పాకల దగ్గర దిగేవాళ్ళం. ఏ ఇంట్లోకి దూరినా అత్త వెనక్కి తిరిగి తలుపు వేసేది. అది ఆట తెలివి కాదు, కుక్కలు దూరుతాయని జీవితాంతం చేసిన అలవాటు. తలుపు తీసి ఉంటే లోపల మనిషి ఉన్నాడని ఎదుటి జట్టుకు తెలుస్తుందని, ఆమె అలవాటు మమ్మల్ని చాలాసార్లు కాపాడిందని నాకు చాలా రోజులకు గానీ అర్థం కాలేదు.

అత్తకు ఇంగ్లీషు రాదు. తెర పైన దిక్కులు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. ఆ నాలుగు అక్షరాలూ ఒక అట్టముక్క మీద పెద్దగా రాసి, పక్కన తెలుగులో దిక్కులు రాసి ఇచ్చాను. దాన్ని మంచం పక్క గోడకు అతికించుకుంది. వారంలో అట్టముక్కతో పని లేకుండా పోయింది. "తూరుపు, ఇద్దరు!" అని ఆమె అరిస్తే జట్టులో ఎక్కడెక్కడి వాళ్ళో ఆ పక్కకు తిరిగేవాళ్ళు. అడుగుల చప్పుడు ఆమెకు వినపడదు. కానీ నాలుగు మగ్గాలు ఒకేసారి చూసిన కళ్ళు కదా, తెర నాలుగు మూలలా ఆమె చూపు తిరుగుతూనే ఉండేది.

నా సంగతి వేరు. నేను బడిలో తెలుగు చెప్తాను. "అత్తా, ఆ మేడ వెనకాల నుంచి ఎవరో ఇద్దరు మన వైపే వస్తున్నట్టున్నారు" అని చెప్పడం పూర్తయ్యేలోపు ఆ ఇద్దరూ వచ్చి నన్ను చంపి పోయేవాళ్ళు. "పాఠం చెప్తాండావా? దిక్కు చెప్పు, ఎందరో చెప్పు. సాలు" అని అత్త విసుక్కునేది.

ఆటలో మనవాళ్ళకు దెబ్బ తగిలితే వెంటనే చావరు. కాసేపు నేల మీద పాకుతూ ఉంటారు. ఆలోపు జట్టులో ఎవరైనా వచ్చి పక్కన కూర్చుంటే మళ్ళీ లేస్తారు. కానీ లేపే ఆ కొన్ని క్షణాలూ కూర్చున్నవాళ్ళు కాల్చలేరు, పారిపోలేరు. అందుకని చాలామంది ఆ పనికి పోరు. అత్త మాత్రం పోతుంది. ఎదురుగా తుపాకులు మోగుతున్నా సరే, తన మోకాలు బాగున్నప్పుడు నడిచిన నడకతో పోయి కూర్చుంటుంది. ఒకరోజు నేను ఉండబట్టలేక, వాళ్ళను లేపబోయి నువ్వూ పోతున్నావు కదా అన్నాను. "పడుగులో ఒక పోగు తెగిందనుకో. పోనీలే అని మగ్గం తోలితే కడదాకా గీత పడతాది. గుడ్డంతా పాడు. పోగు తెగితే మగ్గం ఆపాల, అతకాల, మళ్ళా తోలాల" అంది.

రెండో వారంలో అనుకుంటాను, ఎవరో ఇద్దరు తెలియనివాళ్ళు మా జట్టులో పడ్డారు. నేను ధైర్యం చేసి మైకులో దిక్కు చెప్పాను. అవతల ఒకడు పెద్దగా నవ్వాడు. "ఆడదిరా! నూబు. ఇంట్లో అంట్లు తోముకోక ఇక్కడెందుకమ్మా నీకు?" అన్నాడు. ఇంకా ఏవో అన్నాడు, అవి రాయను. నలభై మంది పిల్లల ముందు గంటలు గంటలు మాట్లాడేదాన్ని, ఒక్కడి నవ్వుకు బెదిరిపోయాను. మైకు ఆపేశాను. అత్త నా మొహం చూసింది, తన మైకులోకి వంగింది.

"అంట్లు తోమినాకే వచ్చినాను రా అబ్బా. నువ్వు తిన్న పళ్ళెం ఎవురు తోమినారు, అది సెప్పు ముందు" అంది. వీధి వీధంతా విని ఉంటుంది.

కాసేపటికి వంతెన దగ్గర ఆ కుర్రాడు దెబ్బ తగిలి పడిపోయాడు. అత్త వెళ్ళి లేపింది. నాకు ఒళ్ళు మండింది. "వాణ్ణెందుకు లేపినావత్తా?" అని అరిచాను. "మన జట్టోడు. తిట్టేది తిట్టాల, లేపేది లేపాల" అంది. అతను లేచి, కృతజ్ఞత అనే మాట ఎప్పుడూ వినని మనిషిలా పరిగెత్తుకుంటూ పోయాడు. ఆట అయ్యాక నూబు అంటే ఏమిటని అత్త అడిగింది. కొత్తగా వచ్చినవాళ్ళను తిట్టే తిట్టు అన్నాను. "కొత్తగా వచ్చింది నిజమే కదా, దాంట్లో తిట్టేముండాది?" అని ఆశ్చర్యపోయింది.

ఆమె ఆశ్చర్యపోయింది, నేను మాత్రం ఆ రోజు ఆపిన మైకు మళ్ళీ తెరవలేదు. తిరుపతికి వచ్చాక కూడా ఆదివారం మధ్యాహ్నాలు ఆడుతూనే ఉన్నాము, నేనిక్కడ, ఆమె అక్కడ. నా చేయి బాగానే కుదిరింది. ఎదుటివాళ్ళు కనపడితే తెర మీద గుర్తు పెట్టేదాన్ని, అంతే. తెలియనివాళ్ళు నన్ను మగవాడనుకునేవాళ్ళు. నాకు అదే హాయిగా ఉండేది, ఒప్పుకుంటున్నాను. అత్తకు మాత్రం ఒళ్ళు మండేది. "నువ్వు ఎవరికి భయపడి నోరు మూసుకున్నావు? వాడి మొహం కూడా నీకు తెలవదే!" అనేది. కొంతసేపు తిట్టి, తర్వాత బతిమాలేది. "ఒక్క తూరి మైకులో పలుకు పాపా. ఒక్క తూరి." ప్రతి ఆదివారం వచ్చే ఆదివారం అనేదాన్ని. ఆమె పోవడానికి రెండు రోజుల ముందు ఆదివారం కూడా అదే అన్నాను.

ఆ మాట నన్ను ఇప్పటికీ తినేస్తోంది. నా గొంతు తన జట్టులో వినాలని అంత ఆశపడిన మనిషికి నేను రెండు అక్షరాలు ఇవ్వలేకపోయాను. ఎవడో మొహం లేనివాడికి భయపడి, మొహం ముందున్న అత్తను కాదన్నాను.

పదకొండో రోజు దినాలు పెట్టారు. ఫోటో సంగతి నేను చూసుకుంటానని ముందే చెప్పిన మామ, పొద్దున్నే పెద్ద ఫ్రేము ఒకటి చంకన పెట్టుకుని వచ్చాడు. కాగితం విప్పితే బావ మొహం మాడిపోయింది. బావ అనుకున్న పట్టుచీర ఫోటో కాదది. మామ తన ఫోనులో ఎప్పుడో తీసుకున్నది. అత్త కాలు చాపుకుని కూర్చుంది, జుట్టు రేగి ఉంది, నోరు తెరిచి ఎవరినో అరుస్తోంది, కళ్ళలో నవ్వు. ఎడమ చెవి నుంచి తెల్ల తీగ కిందకు వేలాడుతోంది. ఇంకో ఫోటో చేయించే వేళ లేదు. బావ బంతిపూల దండ బాగా లావుది తెప్పించి, దాన్ని ఎడమ పక్కకు లాగి, చెవి కప్పేట్టు వేశాడు. తీగ మాత్రం కొంచెం కిందకు కనపడుతూనే ఉంది.

జనం వచ్చారు. సత్యవేడు నుంచి వచ్చిన ముసలాయన ఒకాయన, అత్తకు చిన్నాన్న వరస, కళ్ళద్దాలు పైకెత్తి ఫోటోను చాలాసేపు చూశాడు. "ఏందప్పా అది, దండ కింద తెల్లంగా?" అన్నాడు.

"చెవి మిషను, తాతా" అన్నాడు బావ తొందరగా. "చెవుడు కదా అమ్మకు."

హాలు నిండా మనుషులు.

"కాదు తాతా" అన్నాను. నా గొంతు నేననుకున్న దానికంటే చాలా పెద్దగా వచ్చింది. వంటల దగ్గర ఉన్నవాళ్ళు కూడా తిరిగి చూశారు. "చెవి మిషను కాదు. ఆట ఆడేటప్పుడు పెట్టుకునేది. మా అత్త ఫోన్లో తుపాకీ ఆట ఆడేది. పడిపోయినోళ్ళను లేపేది. నాకు కూడా ఆమే నేర్పింది."

బావ నేల చూశాడు. మా ఆయన నన్ను చూశాడు. ముసలాయన కళ్ళద్దాలు తీసి పంచెతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"అట్నా!" అన్నాడు. "ఎన్ని తూర్లు గెలిచిందిమా?"

నాకు తెలియదు. లెక్కపెట్టాలని నాకెప్పుడూ తోచలేదు. గోడకు ఆనుకుని కూర్చున్న మామ, పొద్దుటి నుంచి ఒక్క మాట కూడా అనని మామ, చేయి నేలకు ఊని మెల్లగా లేచాడు.

"ముప్పై ఏడు తూర్లు" అన్నాడు. అని ఫోటో దగ్గరకు వెళ్ళి, బంతిపూల దండను అత్త ఎడమ చెవి మీద నుంచి పక్కకు జరిపాడు.