ఉబ్బిన మూతులు

ఆ గదిలో అందరూ అతన్ని రెక్కలాయన అనేవారు. ఉపగ్రహం పైనుంచి తీసిన ఫొటోల్లో పరాయి సైన్యాల సరుకు విమానాలను చూసి, వాటికున్నవి పాత ఇంజన్లో కొత్తవో తేల్చడం ఇరవై ఆరేళ్లుగా అతని పని. కొత్తవైతే విమానం ఎక్కువ బరువుతో ఎక్కువ దూరం పోతుంది, అందుకే పైవాళ్లు ఆ మాటకు చెవి కోసుకునేవారు.

"ముందు నీడ చూడాలి, అసలు ఆకారం అందులోనే తెలుస్తుంది. ఆ తర్వాతే ఇంజను" అని అందరి బుర్రలూ తినేవాడు. బావమరిదికి ఆ పని నేర్పింది కూడా తనే. నేర్పడమంటే నలుగురిలో నవ్వులపాలు చేయడం. "మీ అక్క నిన్ను తెచ్చి నా నెత్తిన దించిందిరా" అన్నాడొకసారి అందరి ముందూ. బావమరిది నవ్వి ఊరుకున్నాడు. అలా నవ్వి ఊరుకునేవాళ్లను నమ్మకూడదని రెక్కలాయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే రకం కాదు.

రెండేళ్లుగా అతని కళ్లకు పొర కమ్ముతోంది. డాక్టరు దగ్గరికి పోతే సంగతి బయటపడి కుర్చీ పోతుంది. కుర్చీ పోతే తనను పలకరించే దిక్కుండదని అతనికి తెలుసు. అన్నంలో పచ్చిమిరపకాయను చిక్కుడుకాయనుకుని కొరికిన రోజు భార్య కనిపెట్టింది. కనిపెట్టి, తమ్ముడి చెవిన వేసింది.

ఒక మంగళవారం పొద్దున బావమరిది నాలుగు విమానాలున్న ఫొటో తెచ్చి ముందు పెట్టాడు.

"నాకు అంతుబట్టట్లేదు బావా. నువ్వే చెప్పాలి."

"నీకెప్పుడు అంతుబట్టింది గనక."

ఇంజను మూతి రెక్క అంచును దాటి ఎంత ముందుకొచ్చిందో భూతద్దం పెట్టి ఫొటో చుక్కల్లో లెక్కపెట్టాడు. పాతదైతే పదకొండు, కొత్తదైతే పదమూడు. పదమూడు వచ్చాయి. నీడ కోసం చూస్తే బూడిద రంగు తప్ప ఏమీ ఆనలేదు.

"నీడ చూశావా?"

"నాకే పాఠమా? కొత్తవే, రాసుకో." సంతకం గీకేశాడు.

మధ్యాహ్నం అందరూ కూర్చున్నాక, బావమరిది తెర మీద మొదటి ఫొటో పక్కన ఇంకో ఫొటో వేశాడు. అవే విమానాలు, మొదటి ఫొటోకు మర్నాడు తీసింది. ఇప్పుడు పదకొండు చుక్కలే. మొదటి ఫొటోలో ఇంజన్ల మూతికి, లోపలికి దుమ్ము పోకుండా తొడిగిన ఉబ్బెత్తు గుడ్డమూతలున్నాయి. ఆ ఉబ్బు నీడలో గది మొత్తానికీ కనబడుతోంది, ఒక్కడికి తప్ప.

"ఇది నీకెప్పుడొచ్చింది?" అన్నాడు పెద్ద ఆఫీసరు.

"శనివారం సార్. ఆయన నాకు గురువు కదా, ముందు ఆయన మాట విందామని ఆగాను."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆఫీసరు రెక్కలాయనను తెర దగ్గరికి పిలిచాడు. "ఆ నీడ ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి."

చాలాసేపు వెతికి వేలు పెట్టాడు.

"అది నూనె మరక బావా" అన్నాడు బావమరిది, పసివాడికి చెప్పినట్టు మెత్తగా.

ఇంటికొచ్చి భార్యను అడిగాడు, "వాడికెందుకు చెప్పావు?"

ఆమె బట్టలు మడతపెడుతూనే ఉంది. "ఎలాగూ పోయే కుర్చీయేగా అండీ. బయటివాళ్ల పాలు కాకుండా మావాడికే వచ్చింది, సంతోషించండి."

మర్నాటి నుంచి రెక్కలాయన కింది గదిలో పాత ఫొటోల డబ్బాలకు చీటీలు అంటించసాగాడు. అవీ వంకరే.