మగదోమల కోసం

త్రిపురాంతకం బస్టాండు ఎదుట బట్టల దుకాణం నడిపే చంద్రశేఖరరావు చేతిమీద వాలిన దోమను వెంటనే కొట్టడు. కళ్ళజోడు సర్దుకుని అది ఆడదా, మగదా అని చూస్తాడు. ఈలోగా అది కుట్టి పోతుంది. ఏదో దేశంలో శాస్త్రవేత్తలు మార్పుచేసిన మగదోమలను వదులుతున్నారనీ, అవి కుట్టవనీ, వాటికి పుట్టే ఆడదోమలు ఎదగకముందే చస్తాయనీ ఫోనులో చూసినప్పటి నుంచి ఆయనకు అదే ధ్యాస. పంచె కొనడానికి వచ్చినవాడు ఆ వీడియో చూడందే బయటపడలేడు.

ఆ వానాకాలం ఊళ్ళో డెంగీ వచ్చింది. ఆశా కార్యకర్త మగ్దలీనమ్మ ఆయన పెరట్లోని సిమెంటు తొట్టిలోకి తొంగిచూసింది. "అన్నా, నీళ్ళ నిండా దోమపిల్లలే. తొట్టి ఖాళీచేసి కడగండి," అంది. "ట్యాంకరు మళ్ళ ఎప్పుడొస్తదో ఏమో. రేపోమాపో మనకూ మగదోమల్ని వదుల్తారులేమ్మా, అంతా అవే చూసుకుంటాయి," అన్నాడాయన.

మగదోమలు రాలేదు. ఆయన భార్య రామతులసమ్మకు జ్వరం వచ్చింది. మార్కాపురం ఆసుపత్రిలో ఆమెకు ప్లేట్‌లెట్లు పడిపోతుంటే, ఆయన మంచం పక్కనే కూర్చున్నాడు.

బతికి ఇంటికి వచ్చిన రామతులసమ్మ, గోడ పట్టుకుంటూ నేరుగా పెరట్లో తొట్టి దగ్గరికి నడిచింది.

"ఏందిది, నువ్వు పడుకో. గవర్నమెంటోళ్ళు ఎట్లనూ మగదోమల్ని..." అంటూ ఆయన వెనకే వచ్చాడు.

"కుట్టని మగదోమలు నాకెందుకు? తొట్టి కడిగే మగోడు కావాల," అందామె.

చంద్రశేఖరరావు పంచె ఎగ్గట్టి తొట్టిలోకి దిగాడు.