పోలికకు పెట్టుకున్న చుక్క

చుక్కలమ్మ అని ఆమెకు పేరు పెట్టింది వదినే. పెళ్లీ గిళ్లీ వద్దని అన్నావదినల దగ్గరే ఉండిపోయిన ఆడపడుచు, పొద్దస్తమానం నక్షత్రాల గొడవలో పడి తిండి కూడా మర్చిపోతుంటే మరేం పేరు పెడుతుంది? “ఇవాళ నీ చుక్క ఏమందే చుక్కలమ్మా?” అని ఆటపట్టిస్తూనే కంచం తెచ్చి ముందు పెట్టేది.

ఆమె పని పల్సర్ల పక్కనుండే తోడు నక్షత్రాలను చూడడం. పల్సర్ అంటే పేలిపోయిన పెద్ద నక్షత్రంలో మిగిలిన గట్టి ముద్ద, గిర్రున తిరుగుతూ ఉంటుంది. దానికి మరీ దగ్గరగా ఓ తోడు చిక్కిందా, ఇక దాని పని అయిపోయినట్టే. పల్సర్ ధాటికి ఒకవైపు కాగిపోతూ కొంచెం కొంచెంగా కరిగిపోతుంది. లోకమంతా పల్సర్ వెంట పడుతుంది, ఈవిడకేమో ఆ తోడు మీదే జాలి. దాని వెలుగు పెరిగిందో తగ్గిందో తెలియాలంటే, అదే ఫోటోలో మారని నక్షత్రం ఒకటి ఎంచుకుని దానితో పోల్చాలి.

ఆ ఏడాది అన్నయ్యకు లివర్ చెడింది. మనిషి సగమయ్యాడు. వదిన ఉద్యోగం మానేసి మందులూ ఆస్పత్రీ పథ్యం అన్నీ నెత్తినేసుకుంది. అన్నయ్య దక్కుతాడా అన్నదొక్కటే ఇంట్లో బెంగ. ప్రతి ఆదివారం ఇద్దరినీ సోఫాలో పక్కపక్కన కూర్చోబెట్టి ఆమె ఫోన్లో ఫోటో తీసి, పాతవాటితో పోల్చి చూసేది.

“నిజం చెప్పు, మీ అన్నయ్య కాస్త తేరుకున్నాడా?” అనేది వదిన.

“తేరుకున్నాడు వదినా. నీ పక్కన ఇప్పుడు నిండుగా కనిపిస్తున్నాడు.”

వదిన మొహం వెలిగిపోయేది. వారమంతా ఆ మాట కోసమే ఎదురుచూసేది కాబోలు.

ఆఫీసులోనూ సంతోషమే. తోడు నక్షత్రం నెలనెలా వెలుగు పుంజుకుంటోంది. ఆమె ఎగిరి గంతేసినంత పని చేసింది. పక్క గదిలో పెద్దాయన మాత్రం లెక్కలు చూసి గడ్డం గోక్కున్నాడు.

“నీ తోడు పెరగడం కాదమ్మాయ్. నువ్వు పోలికకు పెట్టుకున్నదే తగ్గిపోతోంది. దాన్ని ఇంకోదానితో సరిచూశావా?”

చూడలేదు. మారదనుకున్నదాన్ని ఎవరు చూస్తారు? సరిచూస్తే ఆయన మాటే నిజమైంది. తోడు వెలుగు ఎక్కడున్నది అక్కడే ఉంది.

సిగ్గుతో తల పట్టుకుని కూర్చున్నదల్లా చప్పున ఫోన్ తీసింది. ఈసారి ఒక్కో ఆదివారం ఫోటోలో అన్నయ్యను వేలితో మూసి, వదినను సోఫా దిండుతో పోల్చి చూసింది. మెడ ఎముకలు తేలాయి. చేతి గడియారం మోచేతి దాకా జారింది. రోజూ ఎదురుగా తిరిగే మనిషే, ఛీ, ఇన్నాళ్లూ ఏం చూసినట్టు!

ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరకు లాక్కెళ్లింది. రొమ్ములో గడ్డ. వదినకు ఎప్పటినుంచో తెలుసు.

“మీ అన్నయ్య లేచి తిరిగాక చూపించుకుందామనుకున్నానే” అంది వదిన. “తేరుకుంటున్నాడని నువ్వేగా చెప్పావు. ఇంకెంత, కొన్నాళ్లేగా అనుకున్నా.”

ఆలస్యమైపోయిందన్నాడు డాక్టరు. వానలు తగ్గేలోపే వదిన పోయింది.

అన్నయ్య బతికాడు. ఒక ఆదివారం తనంతట తనే వచ్చి సోఫాలో తన చోట కూర్చున్నాడు.

“తియ్యవే ఫోటో. నేను తేరుకున్నానో లేదో చెప్పు.”

ఆమె ఫోన్ ఎత్తింది. అన్నయ్య పక్కన ఖాళీ చోటు, నలిగిన దిండు.

“నాకు తెలీదన్నయ్యా” అని అక్కడే నేలమీద కూలబడి ఏడ్చింది.