హెడ్లీ గారి రైలు కొలతలు

హెడ్లీ క్రాబ్‌ట్రీ గారు ఎవరి ఒంటి కొలతనూ అంకెల్లో చెప్పరు. రైల్వే స్టేషన్లలో చెబుతారు.

లీడ్స్‌లోని మా నాటక పాఠశాలలో రంగస్థలానికీ సినిమాకీ దుస్తులు కుట్టడం నేర్పే విభాగం ఒకటుంది. దానికి ఆయనే పెద్ద. మెడలో టేపు, పెదవుల మధ్య వరసగా గుండుసూదులు. నటుడి చుట్టూ టేపు తిప్పి, కళ్ళజోడు పైకెత్తి చూసి, సూదులు రాలకుండా కేక పెడతారు: "ఛాతీ, గార్‌గ్రేవ్! నడుము, షిప్లీ!" మేము అలాగే రాసుకోవాలి.

లెక్క చెబుతాను. లీడ్స్ అంటే ఇరవై రెండు అంగుళాలు. అక్కడి నుంచి ఉత్తరంగా స్కాట్లండు వైపు పోయే లైనులో స్టేషనుకో అంగుళం. ఆయన తండ్రి ఆ లైనులో గార్డు. ఏడేళ్ళ వయసులో తండ్రి దగ్గర నేర్చుకున్న వరసను ఆయన మాకు మొదటి రోజున ఒకే ఒక్కసారి, పద్యంలా అప్పజెప్పారు.

"రాసుకోకండి. కాగితమంటూ ఉంటే ఎవడో ఒకడు చదువుతాడు."

"మరి మర్చిపోతే?" అని అడిగింది నా పక్కనున్న సుమైరా. నేను అడగాలనుకున్నదీ అదే. కానీ నేను అడగాలనుకున్నవన్నీ సుమైరానే అడుగుతుంది.

"మర్చిపోతే ఏముందమ్మాయ్, స్టేషను దాటిపోతావు. దిగి వెనక్కి నడు."

ఒకసారి న్యాయమూర్తి వేషం వేసే స్థూలకాయుడొకడు వచ్చాడు. హెడ్లీ గారు టేపు తిప్పుతూ, తిప్పుతూ పోయారు. చివరికి టోపీ తీసి, "అభినందనలు నాయనా, స్కాట్లండులో అడుగుపెట్టాం" అన్నారు. ఆ మనిషి నెలరోజులు క్యాంటీనులో ఆ మాట చెప్పుకుని మురిసిపోయాడు. ఇంకోసారి ఆఫీసు నుంచి బల్లల కొలతలు పంపమని కాగితం వస్తే ఈయన "పొడవు కీత్లీ, వెడల్పు లీడ్స్ చేరకముందే" అని రాసి పంపారు. ఆఫీసువాళ్ళు మళ్ళీ అడగలేదు. వయసెంత అని ఎవరైనా అడిగితే మాత్రం "రైలు ఇంకా నడుస్తోంది" అనేవారు.

అందరికీ ఇది వేడుక, నాకు ప్రాణసంకటం. పళ్ళు తోముకుంటూ వల్లెవేసేదాన్ని, బస్సులో వల్లెవేసేదాన్ని. లీడ్స్ దాకా బాగానే వెళ్ళేదాన్ని. ఆ తర్వాత నా బుర్రలో పొగమంచు కమ్మేది.

మూడో ఏడాది చివరి పరీక్షకు నా వంతుకు వచ్చింది కథానాయిక గౌను. నూలుమిల్లు యజమానురాలి పాత్ర. ముదురాకుపచ్చ పట్టు, వందేళ్ళ నాటి పద్ధతిలో వెనక వరసగా హుక్కులు. ఎవరో దానంగా ఇచ్చిన ఒకే ఒక్క తాను. పాడైతే మళ్ళీ దొరకదు. శుక్రవారం బయటినుంచి పరీక్షకురాలు వస్తుంది. గౌను వేదిక మీద సరిగ్గా పట్టకపోతే నాకు పట్టా లేదు.

వేసుకోవలసిన అమ్మాయి బెథన్ ఓల్డ్‌రాయిడ్. కొలతల రోజున కళ్ళు గట్టిగా మూసుకుని, సూది మందు పొడిపించుకునే మనిషిలా నిలబడింది.

"నడుము, స్కిప్టన్!"

బెథన్ ఒక కన్ను తెరిచింది. "అంటే ఎంతండీ?"

"అంటే మంచి ఊరు తల్లీ. కోట ఉంది, కాలువ ఉంది, వారానికి నాలుగు రోజులు సంత ఉంది."

ఆ సాయంత్రం నేను రైల్లో ఇంటికి పోతూ, పొగమంచులో చిక్కుకున్నదాన్ని, తలెత్తి చూద్దును కదా, తలుపు మీద స్టేషన్ల పటం! మూడేళ్ళుగా నెత్తిమీదే ఉంది. వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. స్కిప్టన్, ముప్ఫై రెండు. ప్రాణం లేచొచ్చింది.

అసలు గుడ్డ కత్తిరించే ముందు ముతక నూలుగుడ్డతో నమూనా కుట్టి, మనిషికి తొడిగి చూడాలి. బెథన్‌ను రెండుసార్లు పిలిచాను. ఒకసారి దగ్గు అంది, ఒకసారి రిహార్సల్ అంది. హెడ్లీ గారికి చెప్పాల్సింది. కానీ నిజం చెప్పాలంటే, ఆమె రాకపోవడం నాకూ హాయిగానే ఉంది. పరాయి మనిషికి అంత దగ్గరగా నిలబడి ఏం మాట్లాడాలో నాకు ఎప్పుడూ తెలిసేది కాదు. నేరుగా పట్టు మీదే కత్తెర వేశాను.

బుధవారం గౌను తొడిగాము. వీపున హుక్కులకూ అవి పట్టే కాజాలకూ మధ్య మూడంగుళాల ఎడం. నేను లాగాను. సుమైరా లాగింది. ఇద్దరం కలిసి లాగాము. అద్దంలో బెథన్ మొహం పాలిపోయింది.

"నాకు తెలుసు. ఇలాగే అవుతుందని నాకు తెలుసు" అంది. "పోయినేడు బయట ఒక నాటకానికి వెళ్తే, టేపు పట్టుకున్నావిడ నా నడుము అంకె పక్కగదికి వినబడేలా అరిచింది. అక్కడ ఒకటే నవ్వులు. ఆ వేషం వదిలేసి వచ్చాను. ఇదీ వద్దు. వేరే ఎవరికైనా ఇచ్చేయండి." చేతులు గౌను విప్పుకోవడానికి వెనక్కి పోతున్నాయి.

హెడ్లీ గారు నోట్లోని సూదులన్నీ అరచేతిలోకి ఉమ్మారు. నా వైపు ఒక్కసారి చూశారు. నేను నేలకేసి చూశాను.

"తప్పు నాది తల్లీ" అన్నారాయన. "ముసలాణ్ణి. కొలత తప్పు చెప్పాను."

సుమైరా చేతిలో కత్తెర కింద పడింది. రైల్వేవాళ్ళతోనే స్టేషన్ల వరస మీద వాదించి గెలిచిన మనిషి ఆయన! అది విని ఊరుకోవడం నావల్ల కాలేదు.

"కాదు బెథన్. ఆయన సరిగ్గానే చెప్పారు. నేనే... రైల్లో తలుపు మీది పటం చూసి లెక్కపెట్టాను."

హెడ్లీ గారు నెమ్మదిగా తిరిగారు. "ఇప్పటి పటమా?"

"అవునండీ."

"అందులో ఆర్మ్లీ ఉందా?"

"లేదండీ."

"న్యూలే? కాల్వర్లీ? కిల్డ్‌విక్?"

"లేవండీ. కొత్తది ఇంకోటేదో ఉంది."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "నాలుగు పోయి ఒకటి వచ్చింది. మూడు తేడా. వాటిని మూసేసి అరవై ఏళ్ళవుతోంది పిల్లా! నా టేపు మీద మాత్రం రైలు ఈనాటికీ ఆగుతుంది."

"అంటే," అంది బెథన్, "నేను లావవలేదా?"

"నువ్వెక్కడికీ కదల్లేదమ్మా. ఈ మహాతల్లే మూడు స్టేషన్లు ముందు దిగిపోయింది."

బెథన్ ముందు ముక్కు చీదింది, తర్వాత నవ్వింది. చేతులు ముందుకు వచ్చేశాయి.

ప్రతి కుట్టుకూ అటూ ఇటూ అంగుళం గుడ్డ లోపల దాచి వదలడం మా వృత్తిలో నియమం. పాటించినది ఆ ఒక్కటే కాబట్టి బతికిపోయాను. నలుగురం కూర్చుని పక్కకుట్లు విప్పాము. బెథన్ కూడా దారప్పోగులు ఏరింది.

"ఇందుకేనా అండీ, అంకెలు చెప్పరు?" అని అడిగాను. నా అంతట నేను అడిగిన మొదటి ప్రశ్న అదే.

"ఎందుకు?" అని ఆయన చిరాకుపడ్డారు. "అంకె అనగానే మనిషి పొట్ట లోపలికి పీలుస్తాడు. కొలత చెడుతుంది. నాకు కావలసింది సరైన కొలత. అంతే. అంతకు మించి ఏమీ లేదు."

శుక్రవారం హుక్కులన్నీ పట్టాయి. పరీక్షకురాలు లాగి చూసి, తల ఊపి, రాసుకుంది. నేను గట్టెక్కాను.

నాటకం ముగిసిన వారం మా కత్తిరింపు బల్ల పైన గోడకు ఒక ఫొటో వెలసింది. స్కిప్టన్ స్టేషను బోర్డు కింద బెథన్, రెండు చేతులూ బారచాపి, ఊరంతా తనదే అన్నట్టు నిలబడింది. అది చూసి మిగతా నటులూ ఎవరి స్టేషనుకు వాళ్ళు పరుగెత్తారు. పదిరోజుల్లో గోడ నిండిపోయింది, షిప్లీ బోర్డు కిందే నలుగురు.

ఒక్క టోబయస్ అనే నటుడు మాత్రం ఏడుపు మొహంతో వచ్చాడు. ఈనెపుల్లలాంటి మనిషి. ఫొటోలో మోకాలెత్తు ముళ్ళపొదల్లో నిలబడి ఉన్నాడు.

"నా నడుము న్యూలే అన్నారు కదండీ. వెళ్ళి చూస్తే అక్కడ ప్లాట్‌ఫారం కూడా లేదు. అందరూ నవ్వుతున్నారు."

హెడ్లీ గారు అతన్ని కిందినుంచి పైదాకా చూశారు. వంకెకు తగిలించి ఉన్న తన స్వెటర్ తీసి అతనికి తొడిగారు. దానిమీద సుమైరాది. దానిమీద నాది. టేపు తిప్పి, కళ్ళజోడు పైకెత్తి, అంకె వైపు చూడనైనా చూడకుండా, మేడంతా వినబడేలా కేక పెట్టారు:

"షిప్లీ!"