దుకాణంలో ఎర్ర బల్బు

నా భార్య గొంతు ఎంతటిదంటే, ఎల్లారెడ్డిలో మా ఇంట్లో నిలబడి నన్ను పిలిస్తే వీధి చివర టీ కొట్టులో వినపడేది. నేను "వస్తున్న, వస్తున్న" అంటూనే ఇంకో చాయ్ తాగేవాణ్ణి. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. ఎడమ చెయ్యి ఒక్కటి మిగిలింది.

నా టైలరింగ్ దుకాణం కామారెడ్డిలో. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి గానీ ఇల్లు చేరను. పక్కింటి అవ్వ వచ్చి అన్నం తినిపించి పోయేది. మధ్యలో ఉక్కపోసినా, చీకటి పడినా ఆమె ఎవరికి చెప్పుకుంటుంది? అందుకని స్మార్ట్ ప్లగ్గులు కొన్నాను. ఒకటి టేబుల్ ఫ్యానుకు, ఒకటి మంచం పక్క లైటుకు. పడుకున్న చోటి నుంచే ఫోనులో వేలు పెట్టి వేసుకునేది, ఆపుకునేది. వీపు పుండ్లు పడకుండా వేసిన గాలి పరుపు మోటారుకూ ఒకటి తగిలించాను. అది ఆగితే కామారెడ్డిలో నా ఫోనుకు తెలిసేది.

ఇంకొకటి మిగిలితే దుకాణంలో, నా మిషను ఎదుటి గోడకు పెట్టి ఎర్ర జీరో బల్బు బిగించాను. ఆమె అక్కడ నొక్కితే ఇక్కడ వెలిగేది. వెంటనే వీడియో కాల్ చేసేవాణ్ణి. దాహమా, ఫ్యానా అని ఒక్కొక్కటే అడిగితే కళ్లు మూసి జవాబు చెప్పేది. చాలాసార్లు ఏమీ అక్కర్లేదు. ఊరికే పిలిచేది.

"పట్టపగలు ఎర్రలైటేందన్నా?" అని గిరాకీ వాళ్లు అడిగేవారు.

"మా ఇంటామె పిలుస్తున్నది."

"బల్బేసి పిలుస్తదా? మస్తున్నదే!"

అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. అది చాలాసేపు వెలగకపోతే మాత్రం కుట్టు వంకర పోయేది.

వానాకాలంలో జబ్బు రెండోసారి వచ్చింది. ఎడమ చెయ్యి కూడా పోయింది. ఇక రాదని డాక్టరు చెప్పేశాడు. ఆ తర్వాత ఫ్యానూ లైటూ దుకాణం నుంచి నేనే నడిపిస్తున్నాను, ఆమెకు ఉక్కగా ఉందో చలిగా ఉందో తెలియకుండానే. అంత దిక్కుమాలిన పని నా బతుకులో చేయలేదు.

ఒక మధ్యాహ్నం దారాల కోసం బజారుకు పోయి వచ్చేసరికి బల్బు వెలుగుతోంది.

నాకు ఫోన్ చేయాలని కూడా తోచలేదు. కొలతలివ్వడానికి వచ్చిన మనిషిని బయటికి పంపి, షట్టరు లాగి బస్సెక్కాను. దారి పొడవునా చెయ్యి కదిలింది, చెయ్యి కదిలింది అని అదే పాట. ఇంట్లో ఆమె పొద్దున నేను పడుకోబెట్టినట్టే ఉంది. ఫోను గూట్లో ఉంది.

"గింత జల్ది వచ్చినవేంది బిడ్డా?" అంది అవ్వ.

"చెయ్యి కదిలిచ్చిందా అవ్వా?"

"యాడ కదులుతది బిడ్డా..." అని అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను బజారులో ఉన్నప్పుడు కరెంటు పోయి వచ్చిందట. మర్నాడు పక్క దుకాణం అతను చెప్పాడు. కరెంటు రాగానే ఆ ప్లగ్గు దానంతటదే ఆన్ అవుతుంది. ఆ సంగతి నాకు తెలియనిది కాదు, ఆ క్షణాన గుర్తుకు రాలేదంతే. ఫోనులో ఒక సెట్టింగు మారిస్తే ఇక అలా వెలగదు.

మార్చలేదు. ఇప్పుడు కరెంటు పోతే మిషను మీద చేతులు పెట్టుకుని ఆ గోడ వైపే చూస్తూ కూర్చుంటాను. కరెంటు వస్తుంది, బల్బు వెలుగుతుంది. ఆమె కాదని తెలుసు. అయినా చేతిలో గుడ్డ పక్కన పెట్టి "వస్తున్న" అంటాను.