వాన ఖాయమని రాసిన రోజు

మార్చి రెండో వారం. మధ్యాహ్నం పన్నెండున్నరకు మిలిటరీ లారీ మమ్మల్ని కొండ కింద దించింది. అక్కడి నుంచి శిబిరానికి రెండు గంటల నడక. వీపున ఇరవై రెండు కిలోల సామాను. దారంతా పైన్ చెట్లు. వాటి ఆకులు సూదుల్లా ఎండి చీలమండ లోతున పరుచుకుని ఉన్నాయి. బూటు జారుతోంది. గాలిలో టర్పెంటైన్ వాసన. మద్రాసు వాషర్‌మెన్‌పేటలో మా వీధి చివరి పెయింటు కొట్టు గుర్తొచ్చింది.

శిబిరంలో మూడు రాతి గదులు, ఒక రేకుల కొట్టం, ఒక సిమెంటు నీళ్ళ తొట్టి. పంతొమ్మిది మంది మనుషులం, ఎనిమిది కంచరగాడిదలు, ఒక తెల్ల ఆడగుర్రం. తాగడానికైనా మంట ఆర్పడానికైనా నీళ్ళు కింది వాగు నుంచే రావాలి. కంచరగాడిదలు రోజుకు రెండు విడతలు మోసుకొచ్చేవి. ముందు గుర్రం నడిచేది. దాని మెడలో ఇత్తడి గంట. ఆ గంట ఎటు మోగితే కంచరగాడిదలు అటు నడుస్తాయి. గంట ఆగితే అవీ ఆగుతాయి. కొరడాకు కదలనివి గంటకు కదిలేవి.

వాటిని చూసుకునే హవల్దారు చిత్తూరు వైపు మనిషి. నా భాష విని మొదటి రోజే నవ్వాడు.

"ఏమబ్బా మద్రాసూ, మాటకు రెండు తూర్లు అప్పురం అంటాండావు. నీది తెలుగా, అరవమా?"

"తెలుగు దా అన్నా."

"ఆ 'దా' ఏందిరా మళ్ళా!"

ఆయనకు ఆగస్టులో రిటైర్మెంట్. ఒకటే కోరిక. తొమ్మిదింటినీ ప్రాణాలతో కొత్తవాడి చేతికి అప్పగించి దిగాలి. అది రోజూ చెప్పేవాడు.

శిబిరంలో వాతావరణం చూడటం ఎవరికి వచ్చని సుబేదార్ అడిగితే నేను చెయ్యెత్తాను. చదివింది పదో తరగతి. కానీ మా పేట లైబ్రరీలో వాతావరణం మీద ఉన్న ఒకే ఒక్క ఇంగ్లీషు పుస్తకాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండుసార్లు చదివాను. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా చెప్పేవాడిని.

పని ఇది. ఉదయం ఏడింటికి తెల్ల చెక్కపెట్టెలోని రెండు థర్మామీటర్లు చూడాలి. ఒకదాని కొనకు తడిగుడ్డ ఉంటుంది. రెండింటి మధ్య తేడా ఎక్కువైతే గాలి పొడి, తక్కువైతే తేమ. ఏడున్నరకు రేడియోలో కింది ఆఫీసు నుంచి ఆ రోజు సూచన వచ్చేది. రెండూ కలిపి వంటగది ముందున్న పలక మీద సుద్దముక్కతో రాయాలి. ఏప్రిల్ అంతా ఒకటే రాశాను. 'అగ్ని ప్రమాదం: ఎక్కువ. ఉరుములు: రావచ్చు.'

ఉరుములు రాలేదు. ఆకాశం రేకులా తెల్లగా ఉండేది. మద్రాసులో మండే ఎండైనా మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరిగి ఒళ్ళు చల్లబడుతుంది. ఇక్కడ రెండయ్యేసరికి చొక్కా తెరుచుకుని తూర్పుకు తిరిగి నిలబడేవాడిని. లోయ నుంచి వేడిగాలి పైకి కొట్టేది.

"ఆడ సముద్రం లేదురా," అనేవాడు హవల్దారు. "ఎంతసేపు నిలబడినా రాదు."

మే మొదటి వారంలో రెండు రోజులు థర్మామీటర్ల తేడా తగ్గింది. మూడో ఉదయం పడమట మేఘం లేచింది. రేడియో మామూలుగానే 'రావచ్చు' అంది. సుబేదార్ నన్ను అడిగాడు, "వాన ఖాయమా?"

"ఖాయం సాబ్. మూడు గంటలకు."

పలక మీదా అదే రాశాను. కంచరగాడిదల వీపులు పుళ్ళుపడి ఉన్నాయి. గుర్రానికి ముందుకాలు వాచింది. సుబేదార్ రెండో విడత ఆపించాడు. తొట్టిలో పావువంతు నీళ్ళున్నాయి. మిగతాది వానే నింపుతుందని టార్పాలిన్లు పరిచాం. హవల్దారు గుర్రం కాలికి కట్టు కడుతూ అన్నాడు, "మంచి మాట చెప్పినావురా మద్రాసూ. దానికి ఈ పొద్దు సెలవు."

మూడుంబావుకు ఉరిమింది. అందరం కేకలు వేశాం. వంటవాడు గిన్నె పట్టుకుని బయటికొచ్చాడు. గాలి లేచింది. మేఘం కింద వాన తెరలా వేలాడుతూ కనబడింది. నేల దాకా రాలేదు. కిందికి వచ్చే చినుకు పొడిగాలిలో ఆరిపోవచ్చని పుస్తకంలో ఉంది. ఆ పేజీ చదివాను. మరచిపోలేదు. వాన రావాలన్న ఆశతో దాటేశాను.

ఎదురు వాలులో పిడుగు పడింది. నాలుగింటికి మంట లోయ దాటి మా వైపు ఎక్కుతోంది. కొట్టం రేకుల మీద, కంచె వెంట నీళ్ళు చల్లాం. నాలుగూ ఇరవైకి తొట్టి ఖాళీ.

రేడియో ఆపరేటర్ అరిచాడు, "కింది నుంచి ఆర్డర్. కొట్టం వదలండి. పైన బండ మీదికి ఎక్కండి."

కంచరగాడిదలు కదల్లేదు. ముందు గుర్రం కదలాలి. గుర్రం లేచి రెండడుగులు వేసి కూలబడింది. హవల్దారు దాని మెడ మీద చెయ్యి వేశాడు. గంట విప్పాడు. మోగిస్తూ తానే పొగలోకి నడిచాడు. ఎనిమిదీ ఒకదాని వెనక ఒకటి ఆయన వెంట వెళ్ళాయి. వెనక నేను. పొగలో మనిషి కనబడటం లేదు. గంట వినబడుతోంది.

బండ మీదికి చేరాక ఆయన వెనక్కి తిరిగాడు. "దాన్ని తెస్తా." సుబేదార్ బెల్టు పట్టుకుని ఆపాడు. అంతలో కొట్టం కప్పు కూలింది.

ఐదూ నలభైకి వాన వచ్చింది. పెద్ద చినుకులు. అరగంటలో మంట ఆరింది.

"అన్నా, నేనే రాసినా ఖాయమని."

"నువ్వు రాసింది వచ్చిందిలేరా," అన్నాడు. "ఆలస్యంగా వచ్చింది." నా వైపు చూడలేదు.

ఆగస్టులో ఎనిమిదింటిని అప్పగించి ఆయన దిగిపోయాడు. గంట కొత్తవాడికి ఇచ్చాడు. మరుసటి ఏడాది నేనూ దిగాను. ఇప్పుడు సౌకార్‌పేటలో ఒక గిడ్డంగికి కాపలా ఉంటున్నాను. లైబ్రరీకి ఇంకా వెళ్తాను. ఆ పుస్తకం అక్కడే ఉంది. మళ్ళీ తీసుకోలేదు.

మేడ మీద వడియాలు ఎండబెట్టే పక్కింటి అక్క మబ్బు పడితే నన్నే అడుగుతుంది.

"ఏం తంబీ, వాన వస్తాదా?"

"రావచ్చు అక్కా."

"మిలిటరీలో ఇంతే దా నేర్పించింది?"

రెండింటికి సముద్రపు గాలి వస్తుంది. అక్కడ దాని కోసం నిలబడ్డాను. ఇక్కడ అది వస్తుంటే టర్పెంటైన్ వాసన కోసం పెయింటు కొట్టు ముందు ఆగుతున్నాను. సాయంత్రం సోన్‌పాపిడి బండివాడి గంట మోగితే చేతిలో పని ఆగిపోతుంది.

ఆ రోజు వానలో అందరం టార్పాలిన్ కింద దూరాం. హవల్దారు రాలేదు. బండ అంచున నిలబడి, పొగలు కక్కుతున్న కొట్టం వైపు చెయ్యి చాపి, గంట మోగిస్తూనే ఉన్నాడు. ఎనిమిదీ ఆయన వెనకే వానలో నిలబడి చెవులు రిక్కించి అటే చూస్తున్నాయి.