నాయినను లేపిన రోజు

"మీ నాయినను లేపాలె బిడ్డా. తమ్మున్ని తోలుకొని రా" అన్నది మా అవ్వ ఫోన్‌లో.

నన్ను కన్న తల్లిని నేను అవ్వ అనే పిలుస్తాను. ఆమె ఏమన్నదో నాకు ఒక్కసారికి అర్థం కాలేదు. జనగామలో మా వంటింట్లో నిలబడి ఉన్నాను. పొయ్యి ఆపి, "ఏమన్నవే, మల్ల చెప్పు" అన్నాను. నాయిన పోయి ఇరవై ఏళ్లు దాటింది.

"బాయి మన బొందలగడ్డ దాకా వస్తున్నదట. ఎవరోల్లను వాళ్లు తీసుకపొమ్మన్నరు. కొత్త జాగ సూపెట్టిన్రు. ఎల్లుండి పొద్దుగాల పాస్టరయ్య వస్తడు" అని చెప్పి, ఇంకేమీ లేనట్టు ఫోన్ పెట్టేసింది.

మా ఊరు భూపాలపల్లి దగ్గర. సమాధులున్న జాగాను మేం బొందలగడ్డ అంటాం, ఊరి పక్కన బొగ్గు కోసం తవ్వుతున్న గుంతను బాయి అంటాం. అది ఏటేటా ఊరి వైపు జరుగుతూనే ఉంది. ఇళ్లు పోతాయని తెలుసు, పత్తిచేన్లు పోతాయని తెలుసు. చచ్చిపోయినవాళ్లు కూడా ఊరు ఖాళీ చేయాల్సి వస్తుందని మాత్రం నాకెప్పుడూ తట్టలేదు.

నాకు చావంటే భయం. అందరికీ ఉండేదాని కన్నా ఎక్కువే. నేను ఆరో తరగతిలో ఉండగా నాయిన జ్వరంతో పడుకొని వారం తిరగకుండానే పోయాడు. పెట్టె మీద మొదటి మట్టిపెళ్ల పడ్డ చప్పుడు విన్న తర్వాత నేను చావు జరిగిన ఇంటికి పోలేదు. వీధిలో డప్పు వినపడితే తలుపు వేసుకునేదాన్ని. ఆదివారం చర్చిలో అందరితో పాటు మృతులు లేస్తారని పైకి చెప్పేదాన్ని. నోరు చెప్పేది, గుండె ఊరుకునేది. అవ్వ మాత్రం అదే మాటను, పొద్దున బస్సు వస్తుందన్నంత మామూలుగా అనేది.

తమ్ముడు మహబూబాబాద్‌లో కరెంటు పని చేస్తాడు. హనుమకొండ బస్టాండులో కలుసుకొని ఇద్దరం బయలుదేరాం. దారి పొడుగునా వాడు నాయిన గురించి ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడడానికి వాడి దగ్గర ఏమీ లేదు. నాయిన పోయినప్పుడు వాడింకా చంకలో పిల్లవాడు.

ఇంటి ముందు పెద్దబాపు కూర్చొని ఉన్నాడు. నాయినకు అన్న. మా అవ్వా నాయినలు పెళ్లయ్యాక బాప్తిస్మం తీసుకున్నారు. పెద్దబాపు మాత్రం ఇంటి దేవుళ్లను వదల్లేదు. ఆయన మమ్మల్ని పలకరించకుండానే అవ్వతో అన్నాడు:

"మట్టిల కలిసినోన్ని మల్ల బయటికి తీస్తరా అమ్మా? గిది మంచిగ లేదు."

"తియ్యకుంటే బాయిల కలుస్తడు బావా. నువ్వే చెప్పు, ఏం జెయ్యాలె?" అన్నది అవ్వ.

ఆయన లేచి నిలబడ్డాడు. తువ్వాల తలకు చుట్టుకొని మా వెనకే వచ్చాడు.

బొందలగడ్డ దగ్గర పొక్లెయిన్ నిలబడి ఉంది. అవ్వ దాన్ని దగ్గరికి రానివ్వలేదు. చర్చికి వచ్చే ఇద్దరు మనుషులు గడ్డపారలతో, పారలతో తవ్వడం మొదలుపెట్టారు. నేను దూరంగా, తమ్ముడి వెనక నిలబడ్డాను. ఎముకలు కనిపిస్తాయని నాకు నేను ముందే చెప్పుకున్నాను. బస్సులో కూడా అదే చెప్పుకుంటూ వచ్చాను. పెట్టె ఎప్పుడో చెదలు తిని నల్లటి పొడి అయిపోయింది. తవ్వేవాళ్లు పారలు పక్కన పెట్టి చేతులతో మట్టి తీశారు.

చొక్కా బయటపడింది.

నీలిరంగు టెర్లిన్ చొక్కా. కట్టెపెట్టె మట్టయిపోయింది గానీ చొక్కా మట్టి కాలేదు. మెడ దాకా గుండీలన్నీ పెట్టి ఉన్నాయి. ఆ చొక్కా నాకు తెలుసు. క్రిస్మస్ రోజు నాయిన అది వేసుకొని నన్ను భుజం మీద ఎక్కించుకున్నాడు. ఎముకలకు సిద్ధపడ్డాను గానీ చొక్కాకు సిద్ధపడలేదు. చొక్కా అట్లాగే ఉంది, అందులో మనిషి లేడు.

తమ్ముడు గుంత అంచున చతికిలబడి ఈ కొస నుంచి ఆ కొసకు చూస్తున్నాడు.

"అక్కా, నాయిన గింత పొడుగుండెనా?" అని అడిగాడు.

నేను తల ఊపాను. ఆ సంగతి వాడికి ఎవరమూ చెప్పలేదని అప్పుడే తెలిసింది.

అవ్వ చీర కొంగు నడుముకు చుట్టుకొని గుంతలోకి దిగింది. వద్దని పాస్టరయ్య చెయ్యి అడ్డం పెట్టేలోపే దిగిపోయింది. పనికి పోయి వచ్చి బట్టలు మార్చకుండా నిద్రపోయినవాడి చొక్కా విప్పినట్టు, పైనుంచి ఒక్కొక్క గుండీ తీసింది. ఎముకలను చేత్తో తుడిచి తెల్లగుడ్డలో పెడుతున్నది. ఒక కాలి ఎముకను చేతిలోకి తీసుకొని వెలుతురుకు పట్టింది. ఆమె ముఖం వెలిగింది. నేను నమ్మలేకపోయాను.

"ఇటు రా బిడ్డా, గిది సూడు. ఈడ ముడి ఉన్నది. బండి మీదికెల్లి పడి కాలిరిగె. నువ్వప్పుడు నా కడుపుల ఉన్నవు. అతుకుతదో లేదో అని మస్తు రందివడ్డ. ఎంత మంచిగ అతికిందో సూడు."

ఇన్నేళ్లూ ఆ కాలు లోపల ఎట్లా అతికిందో ఆమెకు తెలియదు. ఇప్పుడు చూసి సంతోషపడుతున్నది. నా కాళ్లు వాటంతట అవే గుంత దగ్గరికి నడిచాయి. చిన్నప్పటి నుంచి అడగాలనుకొని అడగలేకపోయిన మాట, గుడ్డలోని ఎముకలను చూస్తుంటే నోటినుంచి వచ్చేసింది.

"అవ్వా, గీ బొక్కలల్లకెల్లి నాయిన ఎట్ల లేస్తడే?"

పాస్టరయ్య ఏదో చెప్పబోయాడు. అవ్వే ముందు చెప్పింది.

"నాకేం ఎర్క? నువ్వు ఎట్ల తయారైనవో గూడ నాకు ఎర్కలే. నా కడుపులనే తయారైనవు."

"నీకు భయం గాలేదా?"

"ఎందుకు గాదు? నిద్రనే పట్టలే. తవ్వినంక ఏం లేకుంటే ఎట్ల, ఉత్త మట్టే ఉంటే నా నమ్మకం ఏమైతదో అని." గుడ్డ కొసలు దగ్గరికి లాక్కుంటూ, "ఏం లేకున్నా నమ్ముదునేమో. చెప్పలేను" అన్నది.

అవ్వ నోట భయం అనే మాట వినడం అదే మొదలు. చొక్కాను చూసినప్పటి కన్నా అప్పుడే నాకు ఎక్కువ దిమ్మ తిరిగింది. ఆమెకు భయం లేదు కాబట్టి నమ్ముతున్నదని అనుకున్నాను. నాకు భయం ఉంది కాబట్టి నా నమ్మకం ఉత్తదే అనుకున్నాను. ఆమె భయపడుతూనే గుంతలోకి దిగింది.

మూట కట్టడం అయింది. తవ్వినవాళ్లలో ఒకతను దాన్ని ఎత్తి ట్రాలీ ఆటో వైపు తిరిగాడు. పెద్దబాపు అడ్డం వచ్చి రెండు చేతులూ చాచాడు. "ఇటియ్యి" అన్నాడు. మేమందరం అట్లాగే నిలబడిపోయాం. మంచిది కాదన్న మనిషి, మూటను తీసుకొని మోచేతి మీద ఆనించుకున్నాడు.

"మా అవ్వ నాట్లకు పోతె వీన్ని నేనే ఎత్తుకుందును. గింతే బరువుండె" అన్నాడు.

ఆటోలో ఆయన నా పక్కనే కూర్చున్నాడు. మట్టిదారి మీద కుదుపులకు తువ్వాల జారిపోతుంటే, "జర పట్టుకో బిడ్డా" అని మూటను నా ఒడిలో పెట్టాడు. వద్దనే సమయం కూడా లేదు. ఎండకు అది గోరువెచ్చగా ఉంది. లోపల ఎముకలు ఒకదానికొకటి తగిలి చిన్నగా చప్పుడవుతున్నాయి. భయం రాలేదని చెప్పను. వచ్చింది. కానీ నా చేతులు మూటను వదల్లేదు. ఇంకాస్త దగ్గరికి పొదువుకున్నాయి. ఆ చేతులు నావేనా అన్నట్టు చూస్తూ కూర్చున్నాను. పెద్దబాపు తువ్వాల కట్టుకున్నాక కూడా తిరిగి అడగలేదు, నేనూ ఇవ్వలేదు.

కొత్త జాగా రోడ్డు అవతల, ఎర్రమట్టి నేల. పాస్టరయ్య పునరుత్థానం గురించి చదివి ప్రార్థన చేశాడు. తమ్ముడే గుంతలోకి దిగి మూటను అందుకొని పడుకోబెట్టాడు. అందరూ ఆమెన్ అన్నాక పెద్దబాపు గొంతు సవరించుకున్నాడు.

"పాస్టరయ్యా, రేపు నేను పోతె నాకు గూడ ఈని పక్కన జాగ ఇస్తరా?"

పాస్టరయ్య ఉలిక్కిపడ్డాడు. పెద్దబాపుకు బాప్తిస్మం లేదు. సంఘంలో అడగాలని నసిగాడు.

"అడిగిండు గద. ఇయ్యాల్నే కాదనుడెందుకు?" అన్నది అవ్వ, చేతులకంటిన మట్టి దులుపుకుంటూ. ఆ సంగతి ఇంకా తేలలేదు. పెద్దబాపు మాత్రం ఇంకా ఆరోగ్యంగా గట్టిగానే ఉన్నాడు.

ఆ తర్వాత కొన్ని నెలలకు జనగామలో మా పక్కింటి ముసలామె పొద్దున్నే పోయింది. ఆమె బిడ్డ ఒక్కతే ఉంది, చుట్టాలింకా రాలేదు. ఏడుపు వినపడింది. అలవాటుగా తలుపు దగ్గరికి పోయాను, కానీ మూయకుండా దాటుకొని బయటికి పోయాను. నీళ్లు కాచి తెచ్చాను. స్నానం చేయించడానికి ఆ బిడ్డ తల్లి చెయ్యి ముట్టలేక వెనక్కి జరుగుతున్నది.

"నీకు భయమైతలేదా అక్కా?" అని అడిగింది.

"అయితున్నది" అన్నాను. "నువ్వు తల పట్టుకో. నేను నీళ్లు పోస్త."